లెక్కల పుస్తకంలో లేని గడి
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మేము మాట్లాడదలచుకున్నది మన గురించి రాసే పత్రికల సంగతి. నవ్వకండి. చివరిదాకా వింటే అది మన అప్పుల సంగతేనని తెలుస్తుంది.

మొన్న శ్రావణ మాసంలో ఒక యూనివర్సిటీ నుంచి ఇద్దరు మేడమ్‌లు మా మీటింగుకి వచ్చారు. సామాజిక వ్యాపారం, న్యాయమైన ఆర్థిక విధానం మీద కొత్తగా ఒక పరిశోధన పత్రిక పెడుతున్నారట. మొదటి సంచికలో పొదుపు సంఘాల మీద వ్యాసం ఉండాలని మా పుస్తకాలు అడిగారు. "ముందు మీ పత్రిక ఏంటో చెప్పండి, తర్వాత చూపిస్తాం" అన్నాం. వాళ్లు ఓపిగ్గా చెప్పారు. అది మీకూ చెప్తాం.

బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనస్ అనే ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు 1976లో జోబ్రా అనే ఊళ్లో 42 మందికి తన జేబులోంచి అప్పిచ్చారు. అందరికీ కలిపి 27 డాలర్లు! వెదురు స్టూళ్లు అల్లుకునే ఆడవాళ్లు ముడిసరుకు కోసం షావుకారుకి చిక్కి ఉండటం చూసి ఆ పని చేశారు. అదే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. 2006లో ఆయనకీ బ్యాంకుకీ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సామాజిక వ్యాపారం అంటే ఆయన చెప్పేది ఇదీ: పెట్టుబడి పెట్టినవాళ్లు తమ సొమ్ము వరకే వెనక్కి తీసుకోవాలి, లాభం పంచుకోకూడదు, అది మళ్లీ ఆ పనికే వాడాలి. మన సంఘం వడ్డీ మన నిధిలోనే పడుతుంది కాబట్టి ఈ మాట మనకి కొత్తేమీ కాదు.

వ్యాపారంలో నీతి గురించి ఇంగ్లీషు పరిశోధన పత్రిక 1982లోనే వచ్చింది. సామాజిక వ్యాపారం పేరుతోనే 2011లో స్కాట్లండ్‌లో ఒకటి మొదలైంది. వీటిలో వ్యాసం ఊరికే వెయ్యరు. మన దగ్గర అప్పు అర్జీ వస్తే ఏం చేస్తాం? అవసరమా, కట్టగలదా అని అందరం అడుగుతాం. అలాగే ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు వ్యాసం చదివి తప్పులు పడతారు. చాలా పత్రికల్లో రాసినవాళ్ల పేరు వాళ్లకి చెప్పరు. మొహమాటం అడ్డం రాకూడదని.

ఆ మొహమాటం అన్న మాటే మాకు గుచ్చుకుంది.

మా వసూలు నూటికి నూరు. పుస్తకం చూపించాం. మేడమ్ ఒక్కటే అడిగారు: "కట్టారు సరే, ఎలా కట్టారు?" ఎవ్వరూ మాట్లాడలేదు. కాసేపటికి మాలో ఒకామె నోరు విప్పింది. ఆమె ఒప్పుకుంటేనే ఇక్కడ చెప్తున్నాం, పేరు మాత్రం చెప్పం. రెండు నెలలు పాల డబ్బుతో కట్టింది. గేదె వట్టిపోయాక మేకని అమ్మింది. తర్వాత కమ్మలు తాకట్టు పెట్టింది. ఆఖరి రెండు కిస్తీలు అయిదు రూపాయల వడ్డీకి బయట తెచ్చి కట్టింది. మా పుస్తకంలో ఆ ఏడాదంతా టిక్కులే ఉన్నాయి.

అక్కలారా, బోసి చెవులు మేము చూడలేదా? చూశాం. అడిగితే కిస్తీ ఆపాల్సి వస్తుంది, గ్రేడు పడిపోతుంది, పెద్ద లోను రాదు అని ఊరుకున్నాం. తప్పు మాదే. ఒకప్పుడు మన రాష్ట్రంలో ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లు కూడా కాగితం మీద బ్రహ్మాండంగానే ఉండేవి. ఒత్తిడికి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న వార్తలు వచ్చాకే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కాగితం బాగుంటే బతుకు బాగున్నట్టు కాదు.

ఆ రోజే తీర్మానం రాశాం. సంఘం నిధి నుంచి రూపాయి వడ్డీకి ఆమెకి ఇచ్చి బయట అప్పు తీర్పించాం. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి, సంక్రాంతిలోపు విడిపించాలని అనుకున్నాం. పుస్తకంలో కొత్త గడి గీశాం: "కిస్తీ ఎక్కడిది?" కూలి, పాలు, అమ్మకం, అప్పు అని నాలుగే మాటలు. మొదటి నెల 11 మందిలో ముగ్గురు "అప్పు" అని రాయించారు. మాకు సిగ్గేసింది, కానీ ఎవరికి ఊపిరాడటం లేదో తెలిసింది.

సమాఖ్యకి మూడు మనవులు. ఒకటి, ఈ గడి అన్ని సంఘాల పుస్తకాల్లో పెట్టండి. "అప్పు" అని రాసినందుకు గ్రేడు తగ్గించకండి, తగ్గిస్తే ఎవరూ నిజం రాయరు. రెండు, పరిశోధనకి వచ్చినవాళ్లు మన అనుమతి లేకుండా పేర్లు వెయ్యకూడదు, రాసింది తెలుగులో తెచ్చి మన మీటింగులో చదివి వినిపించాలి. ఆ మేడమ్‌లు దీనికి ఒప్పుకున్నారు. మూడు, మనమూ రాయాలి. 2001లోనే చిత్తూరు జిల్లా పొదుపు సంఘాల ఆడవాళ్లు తామే విలేకరులై "నవోదయం" పత్రిక నడిపారు. వచ్చే ఏడాది ఈ నివేదికలో సంఘానికి ఒక్క పేజీ ఇవ్వండి. వసూలు ఎంతో కాదు, ఎలా అయిందో రాస్తాం.

 మీ సంఘాల్లో ఆ గడి గీసుకోవాలంటే మా పుస్తకం తెచ్చాం, భోజనాల దగ్గర చూపిస్తాం. సెలవు.