ఓడలో విందుశాల – చంటిపిల్లలు – మనం

(పెన్షనర్ల దినం సందర్భంగా ఆలూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దక్షిణ కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి, డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం వేరు. పిల్లల దగ్గరికి అమెరికా పోయే సభ్యులకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమన్నారు. అమెరికా అంతా పదిహేను నిమిషాల్లో పట్టదు కనుక ఒక్క సంగతి తీసుకున్నాను. ఓడ ప్రయాణంలో ఖరీదైన భోజనశాలలకు చంటిపిల్లలను వెంటబెట్టుకుని పోవడం. వెనక వరుసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. చెరువు నిండితేనే పండుగ చేసుకునే ఊరివాడికి ఓడ గొడవ ఏమిటని మీ అనుమానం.

ఇది వట్టి అమెరికా ముచ్చట కాదు. 2022లో చెన్నై రేవు నుంచి కార్డీలియా వారి ఎంప్రెస్ అనే ఓడ విహారయాత్రలు మొదలుపెట్టింది. ఆ జూన్ నెలలోనే విశాఖపట్నానికి కూడా వచ్చింది. 1990 నుంచి అమెరికా కంపెనీ కింద తిరిగిన ఓడ అది, సుమారు 1,800 మంది ప్రయాణికులు పడతారు. మరుసటి ఏడు, అంటే 2023లో, విశాఖలో ఇలాంటి ఓడల కోసమే కట్టిన టెర్మినల్‌ను ప్రారంభించారు. మనం గుంతకల్లులో రైలెక్కితే విశాఖలోనే దిగవచ్చు. కనుక మీ అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోన్ చేసి "నాయనా, ఓడకు టికెట్లు చేసినాను, అమ్మా నువ్వూ రండి" అనే రోజు ఎంతో దూరం లేదు.

మా అమ్మాయి, అల్లుడు హ్యూస్టన్‌లో ఉంటారు. 2023లో మేము అక్కడ ఉన్నప్పుడు గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వైపు పోయి వచ్చే ఏడు రాత్రుల యాత్రకు తీసుకుపోయారు. మనవరాలికి ఆరేళ్లు, మనవడికి మూడు నిండి నాలుగు నెలలు. ఓడ పేరు ఇక్కడ అనవసరం.

ఆ ఓడల్లో తిండికి మూడు రకాల చోట్లు ఉంటాయి. ఒకటి బఫే. అది మన సంతర్పణ లాంటిది, ఎప్పుడు పోయినా ఏదో ఒకటి దొరుకుతుంది, పిల్లలు పరుగెత్తినా పట్టించుకునేవాడు లేడు. రెండోది పెద్ద భోజనశాల. తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు, గాజు గ్లాసులు, ఇంటిపేరుతో పలకరించే వడ్డనవాళ్లు. సాయంత్రం ఆరు ప్రాంతంలో ఒక విడత, ఎనిమిదిన్నర ప్రాంతంలో ఇంకో విడత. దీనికి వేరే డబ్బు లేదు, టికెట్‌లో కలిసే ఉంటుంది. మూడోది ప్రత్యేక హోటళ్లు. అక్కడ మనిషికి ఇంత అని అదనంగా కట్టాలి. భార్యాభర్తలు పెళ్లిరోజు చేసుకునేవి, దీపాలు తగ్గించి పెట్టేవి ఇవే.

చిక్కు ఎక్కడ వస్తుందో చెబుతాను. మన బంతిలో ఆకు వేయగానే ఉప్పు నుంచి ఓళిగ దాకా అన్నీ వచ్చి పడతాయి. పిల్లవాడు ముందు ఓళిగ తిని, పప్పు వదిలేసి, పది నిమిషాల్లో లేచిపోతాడు. ఎవరికీ కష్టం లేదు. అక్కడ అలా కాదు. ముందు రొట్టె వస్తుంది. తరువాత సూపో, ఏదో చిన్న తినుబండారమో. అది బల్ల మీద అందరూ ముగించేదాకా అసలు వంటకం రాదు. అది ముగిశాక తీపి. మొత్తం గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. పెద్దలకు ఆ మధ్య మధ్య ఖాళీలే సుఖం, కబుర్లు చెప్పుకుంటారు. మూడేళ్లవాడికి ఆ ఖాళీయే శిక్ష. వాడు అల్లరివాడు కాదు, పెంపకం లోపం కాదు. ఆకలేసినప్పుడు అన్నం రాలేదు, అన్నం వచ్చేసరికి నిద్ర వచ్చింది, అంతే.

మన పెద్దలకు ఇది తెలుసు. అందుకే పెళ్లిళ్లలో, దేవర చేసినప్పుడు పిల్లలను ముందు కూర్చోబెట్టి తినిపించి పంపేవారు. తెల్లవాళ్లకూ తెలుసు. ఇండియాకు వచ్చే పాత పి అండ్ ఓ ఓడల్లో పిల్లలకు సాయంత్రం పెందలాడే వేరేగా పెట్టేసేవారు, రాత్రి విందుకు పెద్దలే కూర్చునేవారు. మా రోజుల్లో బళ్లారిలో హోటల్‌కు పోతే ఫ్యామిలీ రూమ్ అని ఉండేది, జ్ఞాపకముందా? చెక్క అర, ముందు ఒక పరదా. లోపల పిల్లవాడు సాంబారు ఒలకబోసినా, బల్ల కింద దూరినా, బయటివాళ్లకు తెలిసేది కాదు. పిల్లల సమస్యను మనవాళ్లు పరదాతో తీర్చుకున్నారు, ఓడవాళ్లు గడియారంతో తీర్చుకున్నారు. ఈ భోజనశాలల్లో పరదా లేదు. అది తెలుసుకుని అడుగు పెట్టాలి.

మొదటి రాత్రి అల్లుడు ఎనిమిదిన్నర విడత తీసుకున్నాడు, ఆరు గంటల విడత నిండిపోయిందట. సూపు వచ్చింది. మనవడు చెంచా కింద పడేశాడు, తీసిచ్చారు, మళ్లీ పడేశాడు. తరువాత కుర్చీలో నిలబడ్డాడు. తరువాత ఏడుపు. పక్క బల్ల దగ్గర మా వయసు దొరా, దొరసానీ ఉన్నారు. వాళ్లు ఏమీ అనలేదు, నవ్వారు కూడా, కానీ మాటలు ఆపేశారు. మా ఆవిడ లేచి, వాణ్ణి చంకనేసుకుని, మేము ఎమ్మిగనూరు నుంచి తీసుకుపోయిన నేత దుప్పటి కప్పి బయటికి పోయింది. ఆ హాలులో ఏ.సి. అంత చల్లగా ఉంటుంది, మాచాని సోమప్పగారి ఊరి దుప్పటి అక్కడ అక్కరకొచ్చింది. ఆమె మళ్లీ రాలేదు. ఆమె ముందుకు వంటకం వచ్చింది, చల్లారింది, వడ్డించే కుర్రవాడు రెండుసార్లు అడిగి తీసుకుపోయాడు. మేము తీపి దాకా తిన్నాం. గదికి పోయి అడిగితే ఆమె అన్న మాట: "నాకేం ఆకలి లేదులే."

ఈ మాట మీ ఇళ్లలో మీరు వినలేదా? బిడ్డలు చిన్నగా ఉన్నప్పుడు విన్నాం, పెళ్లిళ్లలో విన్నాం, సావిత్రమ్మ నోట విన్నాం, సుబ్బమ్మ నోట విన్నాం. ఇప్పుడు సముద్రం మధ్యలో, డబ్బు కట్టి కూర్చున్న బల్ల దగ్గర కూడా అదే మాట. పిల్లలను పెద్ద భోజనశాలకు తీసుకుపోవచ్చా కూడదా అని నన్ను అడిగితే, తీసుకుపోవచ్చు అంటాను. కానీ ఏడుపు మొదలైనప్పుడు ఎవరు లేవాలన్నది సూపు రాకముందే తేలాలి. తేల్చకపోతే ప్రతిసారీ లేచేది అవ్వే.

నేను ముప్పై రెండేళ్లు రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసినవాణ్ణి. జమాబందీ రోజున ఎవరు ఏ రిజిస్టరు పట్టుకుని నిలబడాలో చార్టు రాయడం నా పని. ఆ రాత్రే ఓడవాళ్లు గదిలో పెట్టిన కాగితం తీసుకుని డ్యూటీ చార్టు రాశాను. రెండో రాత్రి అల్లుడు, మూడో రాత్రి నేను, నాలుగో రాత్రి అమ్మాయి, మళ్లీ అదే వరుస. పొద్దున అమ్మాయి చూసి నవ్వింది. "ఏంది నాయనా, అమ్మ పేరు లేదే?" అంది. "మొదటి రాత్రే ఆమె ఒంటరిగా డ్యూటీ చేసింది. కాంపెన్సేటరీ క్యాజువల్ లీవు" అన్నాను. అల్లుడు పోయి అడిగితే ఆరు గంటల విడతలో ఒక బల్ల ఖాళీ అయిందని మార్చారు కూడా. అడిగితే మారుస్తారు, అడగనివాడికి మారదు, మన ఆఫీసుల్లాగే.

మూడో రాత్రి నా వంతు. వాణ్ణి తీసుకుని డెక్కు మీద తిప్పాను. చీకట్లో నీళ్లు చూపించి "తాతా, మన చెరువా?" అన్నాడు. ఏం చెప్పమంటారు, అవునన్నాను. లోపల మా ఆవిడ పెట్టిందల్లా వేడివేడిగా తిని, ఆ సూపు చప్పగా ఉందని, ఇంత మిరియాలపొడి వేస్తే బాగుండేదని వంక పెట్టింది. నాకు సంతోషమైంది. వంక పెట్టేంత నిదానంగా ఆమె తిన్నదన్నమాట.

ఇక వాళ్ల పద్ధతులు కొన్ని తెలుసుకుని పోతే మేలు. పెద్ద కంపెనీల ఓడల్లో మామూలుగా ఆరు నెలల లోపు శిశువులను ఎక్కించుకోరు, దూరపు యాత్రలకైతే ఏడాది నిండాలంటారు. మూడేళ్లు నిండి, డయపర్ మానేసిన పిల్లలకు ఆటల గది ఉంటుంది, అక్కడ మనుషులు చూసుకుంటారు. రాయల్ కరేబియన్ వాళ్లు ఒక ఏర్పాటు పెట్టారు: మొదటి విడతలో పిల్లలకు నలభై నిమిషాల్లోపల వడ్డించేస్తారు, తరువాత ఆటల గది వాళ్లే వచ్చి తీసుకుపోతారు, పెద్దలు నిదానంగా తింటారు. నా దృష్టిలో ఇది మన పిల్లల బంతే, ఇంగ్లీషు పేరు పెట్టుకుంది. డిస్నీ ఓడల్లో పాలో అనే హోటల్‌కు పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ప్రవేశమే లేదు. పిల్లల బొమ్మలమీదే బతికే కంపెనీ పిల్లలను రావద్దనడమేమిటని మా అమ్మాయికి కోపం. నాకు కోపం రాలేదు. ఓడంతా పిల్లలకిచ్చి ఒక్క గది పెద్దలకు ఉంచుకుంటే తప్పేమిటి? అదనంగా డబ్బు కట్టే హోటళ్లకు అయిదేళ్ల లోపు పిల్లలను తీసుకుపోకపోవడమే మంచిదని నేననుకుంటాను. మా పక్క బల్ల ముసలి దంపతులు నలభయ్యో పెళ్లిరోజుకని దాచుకున్న డబ్బుతో వచ్చారని తరువాత మాటల్లో తెలిసింది. వాళ్లూ మనలాంటి పెన్షనర్లే.

ఫోన్ సంగతి. ఆ హాలులో సగం మంది పిల్లల ముందు ఫోన్లు నిలబెట్టి ఉన్నాయి. నోరు తెరుస్తారు, ముద్ద పెడతారు, ఏం తిన్నదీ వాళ్లకు తెలియదు. నాకది నచ్చలేదు. పిల్లల మెనూ కాగితం మీద బొమ్మలు, రంగు పెన్సిళ్లు ఓడవాళ్లే ఇస్తారు. మా మనవరాలు వాటితో ఒక గంట గడిపింది. మనవడికి మాత్రం పని చేయలేదని ఒప్పుకోవాలి, వాడు పెన్సిలు కొరికాడు. వాడికి పనిచేసింది ముందుగా పెట్టడం. అయిదింటికి బఫేలో కాస్త అన్నం తినిపించి తీసుకుపోతే హాలులో వాడికి ఆకలి బాధ లేదు, ఊరికే చూస్తూ కూర్చుంటాడు. శాకాహారులు భయపడవద్దు. మొదటి రోజే హెడ్ వెయిటర్‌తో చెబితే మరుసటి రోజు నుంచి పప్పు, అన్నం, ఏదో ఒక కూర చేసి పెట్టారు.

ఇంకొక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మనల్ని తీసుకుపోయేది యాత్రకా, పిల్లలను చూసుకోవడానికా అని మన సభ్యుల్లో కొందరు లోలోపల బాధపడతారు, పైకి అనరు. రెండింటికీ అనుకోండి, తప్పులేదు. మనవళ్లను ఎత్తుకోవడం ఆయా పని కాదు. కానీ ఏ రాత్రి మనం చూసుకుంటాం, ఏ రాత్రి వాళ్లు చూసుకుంటారు అన్నది టికెట్ కొనేముందే మాట్లాడుకోండి. టూర్ ప్రోగ్రాముకు ముందే అప్రూవల్ తీసుకోవాలి, తిరిగొచ్చాక పెడితే ఆబ్జెక్షన్ వస్తుంది. అడిగితే పిల్లలు ఏమనుకుంటారో అని భయపడవద్దు. మా అల్లుడు ఏమీ అనుకోలేదు. తన వంతు వచ్చిన రాత్రి, పిలవకముందే లేచాడు.

ఆరో రాత్రి పెద్ద దుస్తుల రాత్రి. మగవాళ్లంతా కోట్లు వేస్తారు. నేను తెల్ల పంచె, కండువా వేసుకున్నాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ రాత్రి వంతు నాదే, కానీ లేవాల్సిన పని పడలేదు. మనవడు గుడ్డను తనే ఒళ్లో పరుచుకుని, వడ్డించే గోవా కుర్రవాడిని పిలిచి "పెరుగన్నం" అన్నాడు. ఆ కుర్రవాడికి తెలుగు రాదు. మా ఆవిడ ఇంగ్లీషులో రెండే రెండు మాటలు చెప్పింది: "రైస్, కర్డ్." తెల్ల పింగాణీ పళ్లెంలో, పైన ఏదో పచ్చటి ఆకు పెట్టి తెచ్చాడు. మనవడు ఆకు తీసి నా పళ్లెంలో వేసి తిన్నాడు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.