కట్టు కట్టిన చేయి, విత్తు నాటిన చేయి
(నిజామాబాదు పట్టణమున పఠనమందిర సభలో చేసిన ప్రసంగ పాఠము)



యుద్ధమున కత్తి పట్టినవారి పేరులు శిలలపై చెక్కబడును. వారి గాయములకు కట్లు కట్టినవారి పేరులు చాలవరకు మరుగున పడును. పోరు ముగిసిన పిమ్మట ఆ పరిచారికలలో కొందరు ఆసుపత్రులలోనే నిలిచిరి, కొందరు ఇండ్లకు మరలిరి. మరికొందరు రోగి మంచము దాటి, రోగమునకు మూలమైన నేలను, నీటిని, తిండిని చక్కదిద్దుటకు పూనుకొనిరి. ఈ మూడవ తెగవారిని గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి. ఏలయన వారి పని మన జిల్లాకు మిక్కిలి అవసరమైయున్నది.

ఫ్లారెన్సు నైటింగేలు పేరు విననివారరుదు. క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరులో, ఆమె 38 మంది పరిచారికలతో స్కుటారి సైనికాసుపత్రి చేరెను. అచట మడిసిన సైనికులలో పెక్కుమందిని చంపినవి శత్రువుల గుండ్లు కావు. విరేచనములు, విషజ్వరములు, కలరా. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రి చేరిన నూర్గురిలో 42 గురు మరణించుచుండిరి. మురుగుకాలువలు బాగుచేసి, నీటిని శుభ్రపరచి, గదులకు గాలి వచ్చునట్లు చేయగా జూను నాటికి ఆ సంఖ్య 2కు దిగెను. మందుసీసాకంటె ముందు మురుగును, నీటిని చూడవలెననుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలయును?

యుద్ధము ముగిసినను ఆమె పని ముగియలేదు. జబ్బుతో మంచము పట్టియు ఆమె దృష్టి మన దేశముపై నిలిపెను. మొదట ఇచటి సైనికుల ఆరోగ్యము, తరువాత గ్రామీణుల ఆరోగ్యము, ఆపైన కరవు, కాలువలు—ఇట్లు ఆమె విచారణ సాగెను. 1852లో గోదావరి ఆనకట్టను ముగించిన ఆర్థరు కాటను, ఇనుపదారులకు గుమ్మరించు ధనములో కొంతయైన కాలువలకు వెచ్చింపుడని ఏలినవారితో వాదించినప్పుడు ఆమె ఆయన పక్షము వహించెను. భారతదేశమున బ్రతుకా, చావా యను అర్థమిచ్చు పేరుతో 1874లో ఒక పుస్తకము ప్రకటించెను. ఆమె మన నేలపై అడుగు పెట్టి యెరుగదు. అయినను ఆకలియు రోగమును ఒకే పాదులో మొలచునని గ్రహించెను. ఏలినజాతి స్త్రీయని ఆమె చెప్పిన సత్యమును మనము త్రోసిపుచ్చనక్కరలేదు.

ఆమె కాగితముపై చెప్పిన దానిని మట్టిలో చేసి చూపిన చోటు మన పట్టణమునకు చేరువనే యున్నది. అది డిచ్‌పల్లి. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ 1907లో భర్తతోకూడ ఈ సీమకు వచ్చెను. ఊరు వెలివేసిన కుష్ఠురోగుల దుస్థితి చూచి 1911లో నిజామాబాదున వారికొక ఆశ్రయము నెలకొల్పెను. స్థలము చాలకపోగా రాజా నర్సాగౌడు గారు దండిగా విరాళమిచ్చిరి. ఐరోపాలో మొదటి మహాయుద్ధము సాగుచున్న 1915లోనే డిచ్‌పల్లి ఆసుపత్రి వెలసెను. ఆమె రణరంగమునకు పోలేదు. ఆమె పోరాడిన శత్రువు వేరు. పరదేశపు వైద్యురాలి చేయియు, తెలుగుదాత ధనమును కలిసినగాని ఆ పని నెరవేరలేదని మనము మరువరాదు.

ఆ కాలమున కుష్ఠునకు వాడిన మందు కూడ చెట్టునుండి వచ్చినదే. అడవిబాదము గింజల నూనెను సూదిద్వారా ఎక్కించెడివారు. మంచి తిండియు, ఒంటికి తగిన పనియు ఆ చికిత్సలో భాగములు. బిచ్చమెత్తిన చేతులు తోటపనికిని సేద్యమునకును అలవాటుపడెను. స్పర్శ కోల్పోయిన చేతికి పార కామ ఒరసినను తెలియదు. పుండు పడిన పిమ్మటగాని కంటబడదు. కావున అట్టి తోటలో తోటమాలి నేర్పుతోపాటు పరిచారిక చూపును ఉండవలయును. 1981 తరువాత ప్రబలిన బహుళౌషధ చికిత్సతో ఆ వ్యాధి పూర్తిగా నయమగుచున్నది. మందు మారినది, పని మనిషికి మర్యాద నిచ్చునను మాట మారలేదు.

ఈ రెండు సేవలను ఒకే జీవితమున కలిపినవాడు మహాత్ముడు. 1899లో బోయరు యుద్ధమున సుమారు 1,100 మందితో క్షతగాత్రులను మోసెను. 1904లో ఫీనిక్సు ఆశ్రమము స్థాపించి కాపురమున్నవారికి మూడేసి ఎకరముల నేల పంచెను. సేవాగ్రామమున కుష్ఠుపీడితుడైన పర్చురే శాస్త్రికి తానే పరిచర్య చేసెను. రోగిసేవయు భూసేవయు ఆయనకు వేరు కాలేదు.

ఇక మన సంగతి చూతము. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు, మంజీర నీటిని సుమారు 2,75,000 ఎకరములకు పారించుటకై కట్టబడినది. ఆ నీటి బలముననే 1937లో బోధను చెంత శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము వెలసి చెరకుసీమకు పేరు తెచ్చెను. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. ఒకే పంటను, ఒకే గేటును నమ్ముకొన్న ఊరు ఆ గేటు మూసిననాడు దిక్కులు చూడవలసివచ్చును. ఇంతకంటె దిగులు పుట్టించునది మరొకటి కలదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులు. నీరు పారిన సీమలు గల రాష్ట్రమున తల్లుల నెత్తురు పలుచనగుట మనకు సిగ్గుచేటు.

2020, 2021 సంవత్సరములలో కరోనా వార్డులలో రేయింబవళ్లు నిలిచిన పరిచారికలు మన కాలపు యుద్ధవీరులు. వారిలో ఉద్యోగవిరతి పొందినవారు మన పేటలలోనే యున్నారు. విశ్రాంతి వారి హక్కు; వారిపై క్రొత్త బరువు మోపుమని మేము చెప్పము. పార మనము పట్టుదము; వారు వారమున కొక్క గంట తమ చూపును, మాటను ఇచ్చిన చాలును.

చేయవలసిన పని కష్టమైనది కాదు. బడియావరణములోనో, పంచాయతి స్థలములోనో అనుమతి పొంది పేటకొక మడి తీయుదము. తోటకూర నెలలోపలనే కోతకు వచ్చును. మునగ కొమ్మ పాతినను చిగురించును. గోంగూర, పాలకూర, బొప్పాయి, నిమ్మ వీనికి తోడు. మురుగునీరు ఆకుకూరలకు పారింపరాదు. తొట్టిలో నీరు నిలువయుంచి దోమలను పెంచరాదు. పండినది మొదట గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు పంచవలయును.

అంగడిలో కూరలు దొరకుచుండగా తోట యెందుకని కొందరు అడుగవచ్చును. కూలిడబ్బు చేతబడిన తల్లి మొదట బియ్యము కొనును, ఆకుకూర కడపట కొనును, ఒక్కొక్కప్పుడు కొననే కొనదు. మరియు ఆసుపత్రి గడప తొక్కుటకు జంకు స్త్రీ మడిచెంత పరిచారికతో నిర్భయముగా మాటాడును. కూరపై నిమ్మరసము పిండుకొమ్మనియు, అన్నము తినిన వెంటనే టీ త్రాగవద్దనియు, ఆకు తినుచున్నామని వైద్యులిచ్చిన ఇనుపమాత్రలు మానరాదనియు అచట చెప్పిన మాట చెవికెక్కును. కరపత్రము చేయలేని పని ఇది.

సోదరులారా, ఈ మందిరమున పత్రికలు చదివి లోకము గతిని విమర్శించు వాడుక మనకున్నది. అది మంచిదే. కాని వచ్చు మృగశిరకార్తెనాటికి మన పేటలో ఒక్క మడియైన పచ్చబడనిచో ఆ విమర్శకు విలువ తక్కువ. కట్టు కట్టిన చేతులు త్రోవ చూపుటకు సిద్ధముగా నున్నవి. వారింటికి వెళ్లి పిలువవలసినది మనము.