ఒకే పంక్తి, రెండు భాషలు

భోజనవేళ ఇంటిలోని పెద్దలును పిన్నలును ఒకచోట చేరుదురు. పసిబిడ్డకు తొలి బడి ఆ పంక్తియే. ‘కావలెను, వద్దు, చాలును, ఇంక కొంచెము’ అను నాలుగు మాటలతో మొదలైన చదువు క్రమముగా అమ్మమ్మ చెప్పు కథవరకు సాగును. ఇది మనకందరకు తెలిసినదే. కాని ఇంటిలో ఒక భాషయు, వీథిలో మరియొక భాషయు విను పిల్లలకు ఆ పంక్తిలో ఏమి జరుగును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మనము అమెరికా దేశపు దక్షిణభాగముననున్న టెక్సాస్ రాష్ట్రమునకు పోయి, అచ్చటి యొక వంటయింటిలోనికి తొంగిచూతము.

టెక్సాస్ 1836 వరకు మెక్సికో దేశములోని భాగము. 1845లో అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో చేరినది. కనుక అచ్చట స్పానిష్ భాష నిన్న మొన్న వచ్చిన పరాయి భాష కాదు; ఇంగ్లీషుకంటె ముందునుండియే ఉన్నది. ఆ రాష్ట్రమున కింగ్స్‌విల్ అను పట్టణము కలదు. 1948లో అచ్చట జన్మించిన కార్మెన్ లోమస్ గార్జా అను చిత్రకారిణి తన బాల్యమును చిత్రములుగా గీసి, 1990లో ‘కుటుంబ చిత్రములు’ అని అర్థమిచ్చు పేరుతో పిల్లలకొక పుస్తకమును వెలువరించెను. ప్రతి చిత్రముతో పాటు ఒకే సంగతి ఇంగ్లీషులోను స్పానిష్‌లోను అచ్చుపడి యుండును.

అందలి చిత్రములలో ‘తమాలాదా’ అనునది ఒకటి. తమాలే యనగా ఆవిరిపై వండు ఒక భక్ష్యము. మొక్కజొన్న గింజలను సున్నపునీటిలో ఉడికించి, పైపొట్టు వదలిన పిమ్మట రుబ్బుదురు. ఆ ముద్దను ‘మాసా’ అందురు. సున్నము పొట్టు నూడదీయుటయే గాక, గింజలో బిగిసియున్న నయాసిన్ అను విటమిన్‌ను మన దేహమునకు పట్టునట్లు చేయును. ఈ పద్ధతిని మెక్సికో ప్రజలు వేల యేండ్లుగా పాటించుచున్నారు. మొక్కజొన్న కండెపై నుండు ఎండుపొరలను నానవేసి, ఒక్కొక్క పొరపై మాసా పూసి, నడుమ మాంసపు కూర నుంచి, మడచి ఆవిరికి పెట్టుదురు. మన కోనసీమలో పనసాకుల బుట్టలలో పిండి పోసి పొట్టిక్కలు వండుట నెరిగిన వారికి ఈ విధానము వింతగా తోచదు. ఆ కూరలో పడు మిరప కూడ మనకు చుట్టమే. దాని పుట్టినిల్లు మెక్సికో ప్రాంతము. పోర్చుగీసు వర్తకుల మూలమున అది మన దేశమునకు చేరినది.

తమాలేలు ఒక్కరు వండదగినవి కావు. చిత్రములో తాతగారును మనుమరాండ్రును పొరలు నానవేయుచుందురు. తల్లి పిండి పూయుచుండును. పినతల్లియు ఆమె భర్తయు కూర పెట్టుచుందురు. మామ్మగారు మడచినవాటిని వరుసగా పేర్చుచుండును. కొన్ని యిండ్లలో ఇది స్త్రీల పనియే. ఈ యింటిలో మాత్రము అందరిది. ఇందరు ఒక బల్లచుట్టును చేరి గంటలకొలది పనిచేయునప్పుడు మాటలు సాగక మానవు. ఆ మాటలలోనే పిల్లలు వస్తువుల పేర్లను, బంధువుల వరుసలను, కుటుంబచరిత్రను నేర్చుకొందురు. ఎవరును పాఠము చెప్పుచున్నట్లుండదు. పాఠము మాత్రము జరిగిపోవును.

ఇంకొక విశేషము. ఇంగ్లీషులో తాతకును తమ్మునికిని ఒకటే సంబోధనము. స్పానిష్‌లో అట్లు గాదు. చనువుగలచోట ‘తూ’ అందురు. మన్నించవలసినచోట ‘ఉస్తెద్’ అందురు. మన నీవు, మీరు అనువానికి అవి సమములు. ఎవరిని ఏ విధమున పిలువవలెనో పుస్తకములోని సూత్రము చెప్పగలదు గాని, నోటికి అలవాటు చేయునది పంక్తియే. పెద్దలకు వడ్డించుచు, వారిని ఇంకేమి కావలెనని అడుగుచు, బిడ్డ మర్యాదను భాషతోపాటే గ్రహించును. భోజనానంతరము లేవక బల్లవద్దనే కూర్చుండి ముచ్చటించుకొను వేడుకకు స్పానిష్‌లో ‘సోబ్రెమేసా’ అని ప్రత్యేకముగా ఒక పేరే కలదు. దానికి సరియైన ఒక్కమాట ఇంగ్లీషులో దొరకదు. ఇంటి భాషను విడిచినచో ఇట్టి మాటలతో పాటు ఆ యలవాటు కూడ జారిపోవు భయము కలదు.

ఆ భయము వట్టిది కాదని టెక్సాస్ చరిత్రయే చెప్పుచున్నది. 1918లో ఆ రాష్ట్రము పాఠశాలలలో ఇంగ్లీషు తప్ప అన్యభాషలో బోధించుట నేరమని శాసించెను. బడి ఆవరణములో స్పానిష్ మాటలాడిన పిల్లలు దండనములు పొందిరి. తాము పడిన అవమానము తమ బిడ్డలు పడరాదని ఎందరో తల్లిదండ్రులు ఇంటిలో కూడ ఇంగ్లీషునే పట్టిరి. వారి ప్రేమను మేము శంకింపము. కాని ఫలితమేమి? మనుమరాలు ఒకవైపు, అమ్మమ్మ ఒకవైపు, నడుమ వేడివేడి తమాలేలు. ఇద్దరికిని చిరునవ్వు తప్ప వేరు భాష లేకపోయెను. 1968లో అమెరికా ప్రభుత్వము ద్విభాషావిద్యకు సాయపడు చట్టము చేసెను. 1969లో టెక్సాస్ ఆ పాత నిషేధమును తొలగించెను. చట్టము ఒక దినమున మారవచ్చును. తెగిపోయిన మాట మరల అతుకుటకు తరములు పట్టును.

రెండు భాషలలో కథ చెప్పుట కూడ ఆ దేశమున క్రొత్త కాదు. పోర్టోరికో ద్వీపమునుండి వచ్చిన పూరా బెల్‌ప్రే అను మహిళ 1921లో న్యూయార్కు ప్రజాగ్రంథాలయములో చేరి, ఇంగ్లీషులోను స్పానిష్‌లోను పిల్లలకు కథలు వినిపించెను. 1996 నుండి ఆమె పేరిట బాలసాహిత్యమున కొక పురస్కారము ఇచ్చుచున్నారు. ఇట్టి కథలకును, పుస్తకములకును గల ప్రయోజనము మా దృష్టిలో పరభాష నేర్పుట మాత్రమే కాదు. స్పానిష్ మాత్రమే చదువగల అమ్మమ్మయు, ఇంగ్లీషు మాత్రమే చదువగల మనుమడును ఒకే పుటపై తలలు వంచి కూర్చుండగలరు. అతడు తన పంక్తి చదువును, ఆమె తన పంక్తి చదువును. చిత్రము ఇద్దరికిని ఒకటే. పెద్దామె చిన్నవానియెదుట చదువురానిది కాదు; చిన్నవాడు పెద్దామెయెదుట పరాయివాడు కాడు.

నేడు అదే టెక్సాస్‌లో డల్లాస్, హ్యూస్టన్ నగరములందు మన తెలుగువారును పెక్కురు కాపురముండుచున్నారు. వారి పిల్లలకు బడిలో ఇంగ్లీషు, ఇంటిలో తెలుగు. బాబాయియు, మామయ్యయు, పెదనాన్నయు, పొరుగింటి పెద్దమనిషియు ‘అంకుల్’ అను ఒక్క మాటలో కలిసిపోవు ప్రమాదము వారికిని కలదు. ఇది అమెరికాలోనే అననేల? మన నగరములందును పప్పన్నము తినుచు ఇంగ్లీషులోనే పలుకు పసివారు కనబడుచున్నారు. ఇంగ్లీషు వలదని మేము చెప్పము. అది వారి జీవనమునకు అవసరము. రెండు భాషలు బిడ్డకు భారము కావు. రెండింటిలో ఒకదానిని సిగ్గుపడి దాచుకొనుటయే భారము.

ఇందుకు పెద్ద ప్రయత్నమక్కరలేదు. రాత్రి భోజనవేళ అరగంట ఇంటి భాషకు కేటాయింపవచ్చును. తప్పు పలికిన బిడ్డను నవ్వులపాలు చేయక, సరియైన మాటను మన వాక్యములో కలిపి మరల పలికిన చాలును. ఆదివారమునాడు బిడ్డచేత ఇంటివారి భోజనము బొమ్మగా వేయింపవచ్చును. ఎవరు ఎచ్చట కూర్చుండిరో, ఎవరు వడ్డించిరో, ఏ కూర మొదట అయిపోయెనో మామ్మగారు చెప్పగా, తండ్రి పైన తెలుగులోను, క్రింద ఇంగ్లీషులోను వ్రాయవచ్చును. పదిబొమ్మలు చేరునప్పటికి ఇంటిలో ఒక పుస్తకము సిద్ధమగును. అచ్చువేయువారు లేకున్నను, చదువువారు ఆ యింటిలోనే యుందురు.