శోథరోగములు – వంశసంబంధము
(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యార్థి వేతనములు, వసతిగృహము, వివాహవ్యయములు మున్నగు విషయములు ఈ వేదికపై ఏటేట చర్చింపబడుచునే యున్నవి. మనము బాహాటముగా మాటలాడని విషయము నొకదానిని మేము నేడు విన్నవింప సాహసించుచున్నాము. అది వంశానుగతముగా వచ్చు శోథరోగముల సంగతి. శోథ మనగా దేహమున ఎఱుపు, వేడిమి, వాపు, నొప్పి పుట్టుట. కంచెయే చేను మేసినట్లు, దేహరక్షణకై యేర్పడిన శక్తియే దేహమును బాధించుటచే ఈ దీర్ఘరోగములు కలుగును.

మా యింటి కథనే చెప్పుదుము. మా చెల్లెలికి సోరియాసిస్ అను పొలుసులు రాలు చర్మవ్యాధి కలదు. ఆమె ముప్పది యేండ్లుగా మోచేతులను చీరకొంగుతో కప్పుకొనుచున్నది. మా తమ్మునికి అప్పుడప్పుడు ఒక కన్ను ఎఱ్ఱబడి, వెలుతురు చూడలేని స్థితి కలుగుచుండెను. అతని కుమారునకు ఇరువది రెండవ యేట నడుము పట్టుకొన జొచ్చెను. తెల్లవాఱుజామున నొప్పితో మేల్కొనును, పడుకొన్నకొలది నడుము బిగియును, నడచినకొలది సడలును. "మీ వంశమున చర్మవ్యాధి గాని, కంటిజబ్బు గాని, ప్రేగులవ్యాధి గాని కలదా?" అని వైద్యుడు ప్రశ్నించెను. అది సంబంధములు చూచుచున్న సమయము. "లేదు" అని చెప్పినవారము మేమే. తత్ఫలితముగా ఆ పిల్లవాడు కండరముల నొప్పియని యెంచి, లేపనములతోను విశ్రాంతితోను ఆఱేండ్లు గడపెను. వెన్ను కొంత వంగిన పిమ్మటనే మేము నిజము చెప్పితిమి. అప్పుడు తేలిన రోగము ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, అనగా వెన్నెముక కీళ్ల శోథ.

చర్మమునకును, కంటికిని, వెన్నునకును సంబంధమేమి? శుక్రశోణిత దోషములవలన పుట్టు రోగములను సుశ్రుతాచార్యులు ఆదిబలప్రవృత్తములని పేర్కొని, మాతృజములు, పితృజములు అని విభజించిరి. నేటి శాస్త్రము ఆ బీజమునందలి జన్యువులను వేఱువేఱుగా చూపుచున్నది. 1973లో లండను వైద్యులు ఈ వెన్నెముక రోగులను 75 మందిని పరీక్షింపగా, 72 మందియందు హెచ్.ఎల్.ఏ. బి27 అను జన్యుచిహ్నము కనబడెను. రోగము లేని 75 మందిలో అది ముగ్గురియందే కలదు. కంటి ముందుభాగమున వచ్చు శోథకును దానితో సంబంధము కలదని ఆ సంవత్సరముననే బయల్పడెను. ఐ.ఎల్. 23 గ్రాహకమునకు చెందిన మఱియొక జన్యువునకు క్రోన్స్ అను ప్రేగులవ్యాధితో గల సంబంధము 2006లోను, సోరియాసిస్‌తోను వెన్నెముక శోథతోను గల సంబంధము 2007లోను తేలెను. 2016లో ఐరోపా సంతతివారు 86,000 మందికి పైగా జన్యువులను పరిశీలించి, ఇట్టి ఐదు శోథరోగములకు పెక్కు జన్యుస్థానములు ఉమ్మడియని కనుగొనిరి. ఊట యొకటి, కాలువలు పెక్కు.

అయినను బీజము విధి గాదు. బి27 కలవారిలో నూటికి కొలదిమందికే ఈ వెన్నెముక రోగము వచ్చును. తల్లిదండ్రులలో నొకరియందు దాని ప్రతి యొకటి యున్నచో, బిడ్డకు సంక్రమించుటకు సగము అవకాశమే కలదు. ఒక్కవైపునుండి వచ్చినను చాలును గనుక, దీనికి మేనరికమునే నిందించుట సరికాదు. తుర్కులు, ఆర్మేనియనులు, యూదులు, అరబ్బులలో హెచ్చుగా కనబడు మధ్యధరా జ్వరము వేఱు విధము. 1997లో జన్యువు కనుగొనబడిన ఆ వ్యాధి సాధారణముగా ఇరువైపులనుండియు లోపము వచ్చినప్పుడే కలుగును. అట్టివాటియందు దగ్గఱి బంధువివాహము అపాయమును పెంచును.

ఔషధవిషయమునను దాపరికము చేటు దెచ్చును. ఐ.ఎల్. 17ను అడ్డగించు సూదిమందు సోరియాసిస్‌కును వెన్నెముక శోథకును మేలు చేయును. క్రోన్స్ వ్యాధినో ముదిరింపవచ్చును. బీజమున చుట్టఱికమున్నను మందు ఒక్కటి గాదు. కావున రోగి తన జబ్బులనే గాక, తనవారి జబ్బులను గూడ వైద్యునికి చెప్పవలెను.

మా ప్రార్థనలు మూడు. ప్రతి గృహస్థుడును జాతకచక్రములతోపాటు మూడు తరముల రోగవృత్తాంతమును వ్రాసి యుంచవలెను. నలుబది యైదేండ్ల లోపువారికి మూడు నెలలకు మించి ఇట్టి నడుమునొప్పి యున్నచో, కీళ్లవైద్యునికి చూపవలెను. ఇంటివారి జబ్బును సాకుగా గొని పిల్లను గాని పిల్లవానిని గాని త్రోసివేయరాదు. దాచి పెండ్లి చేయనురాదు.

మా తమ్ముని కుమారుని వంగిన వెన్ను మరల నిటారు కాలేదు. అయినను చికిత్సచే నొప్పి తగ్గి, ఉద్యోగము చేసికొనుచున్నాడు. నిజము చెప్పుటచే ఒక సంబంధము తప్పిపోయెను. మఱియొకటి నిజము తెలిసియే కుదిరెను. మా చెల్లెలు ఆ పెండ్లిలో కొంగు కప్పుకొనక తిరిగినది.

మా నోట వెలువడిన ఆ "లేదు" మఱి యే యింటను వినబడకుండుగాక యని కోరుచు విరమించుచున్నాము.