ఎఫ్.ఎం. హోరులో తొలి హైడ్రోజన్

సిరిసిల్ల మరమగ్గం మీద ఒక్క పోగు తెగినా, బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టగానే సన్నని గీత కనబడుతుంది. విశ్వం తొలినాళ్ల హైడ్రోజన్‌ను వెతికేదీ ఇంచుమించు అలాగే. వెనకనుంచి వచ్చే రేడియో వెలుగులో ఒక తరంగాన్ని హైడ్రోజన్ కొంత మింగేస్తుంది. ఆ వెలితే దాని ఆనవాలు.

ఆ తరంగం పొడవు 21 సెంటీమీటర్లు, పౌనఃపున్యం 1420 మెగాహెర్ట్జ్. విశ్వంతోపాటు అదీ సాగి సాగి, మనల్ని చేరేసరికి దాని పౌనఃపున్యం 200 మెగాహెర్ట్జ్‌కూ అంతకన్నా కిందికీ దిగిపోతుంది. మనం రోజూ వినే ఎఫ్.ఎం. కూడా అక్కడే, 88 నుంచి 108 మధ్య ఉంది! జగిత్యాల, కోరుట్ల వంటి ఊళ్లలో ఈ పాటల హోరు దాటి ఆ గుసగుస వినడం అసాధ్యం.

అందుకే బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ వాళ్లు 'సరస్-2' పరికరాన్ని మన అనంతపురం సీమలోని టింబక్టు కలెక్టివ్ అనే, ఈ హోరు అంతగా చేరని చోటికి తీసుకెళ్లారు. లోహపు పళ్లెం మీద నిలిపిన గోళం, అదే యాంటెన్నా. అక్కడ 63 గంటలపాటు సేకరించిన సమాచారంతో 2017లో ఫలితాలు వెలువరించారు. ఆనవాలు దొరకలేదు. అయినా తొలి నక్షత్రాల గురించిన కొన్ని అంచనాలు సరికావని తేలింది. నా దృష్టిలో అది గట్టి ఫలితమే.

2018లో ఆస్ట్రేలియా ఎడారినుంచి 78 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ వెలితి కనబడిందని మరికొందరు శాస్త్రవేత్తలు అన్నారు. కర్ణాటక జలాశయాల మీద తేలిన 'సరస్-3' 2022లో దాన్ని కాదంది. వెతుకులాట ఇంకా సాగుతూనే ఉంది.