గబ్బిలాల్లో ఫ్లూ

ఫ్లూ అనగానే కోళ్లు, పందులే గుర్తొస్తాయి. గబ్బిలాల్లోనూ ఉందని 2012లో బయటపడింది. గ్వాటెమాలాలో, పండ్లు తినే చిన్న గబ్బిలాల్లో. ఆ తర్వాత పెరూలో ఇంకో ఫ్లూ వైరస్.

మామూలు ఫ్లూ వైరస్ కణం పైనుండే ఒక రకం చక్కెరను పట్టుకుని లోపలికి దూరుతుంది. ఈ రెండు గబ్బిలాల వైరస్‌లు మాత్రం రోగనిరోధక కణాల మీదుండే ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. ఆ ప్రొటీన్ పందుల్లో ఉంది, ఎలుకల్లో ఉంది, మనలోనూ ఉంది. మనకూ సోకుతాయేమోనన్న ఆందోళన అందుకే. అయితే పెరూ వైరస్‌ను ప్రయోగశాలలో ఫెర్రెట్లకు, అంటే ముంగిసలాంటి జంతువులకు, ఎక్కిస్తే సరిగా పెరగలేదు. అది ఊరట.

ఈజిప్టు గబ్బిలాల్లో దొరికిన మరో ఫ్లూ వైరస్ మాత్రం ఫెర్రెట్లలో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంది. నిఘా గట్టిగా ఉండాల్సింది దానిమీదే.

ఈ గబ్బిలాల వైరస్‌లు మనుషులకు సోకిన దాఖలా లేదు. కాబట్టి గబ్బిలాలను చంపకండి, తరమకండి. కింద పడినదాన్ని ఉత్త చేతులతో ముట్టుకోకండి.