మట్టిలోని జింకును వెలుగుతో కనిపెట్టడం



వరి నాటిన రెండు నుండి నాలుగు వారాలలో ఆకులపై తుప్పురంగు మచ్చలు పడి, పైరు గిడసబారి, పిలకలు వేయక నిలిచిపోవడం మీలో చాలామంది చూసే వుంటారు. కొందరు తెగులని మందు చల్లుతారు. కొందరు బలం చాలలేదని యూరియా వేస్తారు. డబ్బు పోతుంది గాని పైరు తేరుకోదు. ఉత్తరాదిన ‘ఖైరా’ అని పిలిచే ఈ జబ్బుకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగర్‌లో డాక్టర్ వై. ఎల్. నేనే కనిపెట్టారు.

పైరుకు కావలసిన జింకు బహు స్వల్పం. వెయ్యి కిలోల మట్టిలో పైరుకు అందే జింకు సుమారు 0.6 గ్రాముకు తగ్గితే లోపమున్నట్లు లెక్క. ఇంత కొద్దిపాటి లోహాన్ని కంటితో చూడగలమా? వెలుగు సాయంతో చూడవచ్చును.

బ్యాంకులో నోటును అతినీలలోహిత దీపం కింద పెడితే అందులోని కొన్ని గుర్తులు మెరుస్తాయి. కంటికి కనపడని కాంతిని తీసుకొని, కనపడే కాంతిగా తిరిగి ఇవ్వడమే దీనిలోని కిటుకు. కొన్ని రసాయనాలు మామూలుగా మెరవవు. ఫలానా లోహపు అయాను వచ్చి అతుక్కొంటేనే మెరుస్తాయి. మోరిన్ అనే పదార్థం అల్యూమినియంతో కలిసి ఇట్లా మెరుస్తుందని 1867లోనే గోపెల్‌స్రోడర్ తెలిపారు. 8-హైడ్రాక్సీక్వినొలీన్ జింకుతో కలిసినపుడు పసుపుపచ్చగా మెరుస్తుంది. జింకు ఎక్కువైనకొద్దీ వెలుగు పెరుగుతుంది. దానిని కొలిచి జింకు ఎంతో లెక్క కట్టవచ్చును.

అయితే ఇందులో చిక్కు లేకపోలేదు. మట్టిలో జింకు ఒక్కటే వుండదు. ఇనుము, రాగి ఈ వెలుగును అణచివేయవచ్చును. కాడ్మియం జింకువలెనే మెరిపించి మోసపుచ్చవచ్చును. కనుక మెరుపు చూసి తొందరపడక, నేల పరీక్ష కేంద్రంలో పరీక్ష చేయించుకోవడమే మంచిది. అక్కడ మట్టిని డి.టి.పి.ఎ. ద్రావణంతో కలిపి వడగట్టి, అటామిక్ అబ్సార్ప్‌షన్ యంత్రంతో జింకును కొలుస్తారు.

ఎంత మంచి యంత్రమైనా మీరిచ్చిన మట్టినే కొలుస్తుంది. కాబట్టి నమూనా తీసేటపుడు ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. ఎకరంలో 8–10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు వెంబడి మట్టి తీయండి.

2. జింకు పూత రేకు బకెట్టు, తట్ట వాడవద్దు. ఆ పూతలోని జింకు మట్టికి అంటి, లేని జింకు ఉన్నట్లు చూపుతుంది. ప్లాస్టిక్ తొట్టి, కర్ర పనిముట్టు మేలు.

3. మట్టిని కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో మాత్రం శుభ్రమైన కొత్త సంచిలో వేయండి. ఎరువుల సంచి పనికిరాదు.

4. సూక్ష్మపోషకాల పరీక్ష కావలెనని చీటీపై రాయండి.

లోపమని తేలితే వరికి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి. భాస్వరం ఎరువులతో కలపక, రెండు మూడు రోజుల ఎడం వుంచండి. పైరు మీద లోపం కనపడితే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు సార్లు చల్లండి.

మన బిజినేపల్లి మండలంలోనే, పాలెంలో, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది. సందేహమున్న రైతులు అక్కడి శాస్త్రజ్ఞులను అడగవచ్చును. వచ్చే నాట్లకు ముందే మట్టి పరీక్ష చేయించండి. ఊహతో వేసిన బస్తా కంటె, తెలిసి వేసిన పిడికెడు మేలు.